మన ఊరి పేరుతో సొంత లినక్స్ అవసరమా?

సంపాదకులకు నమస్కారం.

హనుమకొండలో కొందరు యువకులు కలిసి విండోస్‌కు బదులుగా వాడుకునేలా మన ఊరి పేరుతో ఒక సొంత లినక్స్ డిస్ట్రోను తయారు చేయాలని, వచ్చే ఉగాది నాటికి దాన్ని పఠన మందిరాలకు, చిన్న బడులకు ఉచితంగా పంచాలని నిర్ణయించుకున్నట్లు మీ పత్రిక జిల్లా పేజీలో ఈ మధ్య చదివాను. వారి ఉత్సాహానికి ముందుగా నా అభినందనలు. వారిలో ఇద్దరు ముగ్గురు నాకు పరిచయస్తులే, ఒకరైతే నా దగ్గర చదువుకున్నవారే కాబట్టి, ఈ ఉత్తరాన్ని ఇంటి పెద్ద చెప్పిన మాటగా తీసుకుంటారని ఆశిస్తున్నాను. నేను పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ పాఠాలు చెప్పి పదవీ విరమణ చేసినవాడిని. 2013లో ఇదే ఊళ్లో ఇదే పని మొదలుపెట్టి చేతులు కాల్చుకున్న బృందంలో నేనూ ఒకణ్ని.

అవసరం మాత్రం నిజమైనదే, అందులో నాకు సందేహం లేదు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు భద్రతా అప్‌డేట్లు ఆగిపోయాయి. విండోస్ 11 పెట్టుకుందామంటే టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు యంత్రంలో ఉండాలి, ఇంటెల్ ప్రాసెసర్ అయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆ తర్వాతిదో కావాలి. గ్రూప్స్ పరీక్షలకూ కానిస్టేబుల్ ఉద్యోగాలకూ చదివే పిల్లలతో పొద్దంతా నిండి ఉండే మన పఠన మందిరాల్లో, కాజీపేట, జనగామ, జమ్మికుంటల్లోని ట్యూషన్ సెంటర్లలో నేను చూసిన యంత్రాలు చాలావరకు రెండో తరం నుంచి నాలుగో తరం దాకా ఉన్నవి, ఏదో ఆఫీసు తీసేస్తే సెకండ్ హ్యాండులో కొన్నవి. అవి చెడిపోయినవి కావు. పాత హార్డ్ డిస్కు తీసి చిన్న ఎస్ఎస్‌డీ ఒకటి బిగించి, ర్యామ్‌ను 8 జీబీకి పెంచితే ఇంకో ఐదారేళ్లు హాయిగా పనిచేస్తాయి. వాటిని పాత సామాన్ల వాడికి అమ్మేయకుండా లినక్స్‌తో నడుపుదామన్న ఆలోచన మెచ్చుకోదగ్గది. నా అభ్యంతరమంతా ‘సొంత’ అన్న మాట దగ్గరే.

డిస్ట్రో అంటే తెలియని పాఠకుల కోసం రెండు ముక్కలు చెప్పాలి. 1991లో ఫిన్లాండ్ విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ నిజానికి కెర్నల్ మాత్రమే, అంటే యంత్రానికీ ప్రోగ్రాములకూ నడుమ నిలబడి పనులు పంచే భాగం. దానికి, రిచర్డ్ స్టాల్‌మన్ 1983లో ప్రకటించిన గ్నూ ప్రాజెక్టు పనిముట్లను, తెర మీద కనిపించే డెస్క్‌టాప్‌ను, బ్రౌజరును, ఆఫీసు ప్రోగ్రాములను, ఫాంట్లను చేర్చి, అవన్నీ ఒకదానితో ఒకటి పొసిగేలా కూర్చి, ఎక్కడ లోపం బయటపడితే అక్కడ వెంటనే సరిచేసి వాడేవాళ్లందరికీ అందేలా చూసే ఏర్పాటును డిస్ట్రో అంటాం. ఈ వాక్యంలో బరువంతా చివరి భాగంలోనే ఉంది, మన యువకులు తక్కువగా అంచనా వేస్తున్నదీ ఆ భాగాన్నే.

ఎందుకంటే కూర్చడం ఈ రోజుల్లో కష్టం కాదు. పేరున్న డిస్ట్రోల్లో డెబియన్‌కు లైవ్-బిల్డ్, ఉబుంటుకు క్యూబిక్ అనే కూర్పు పనిముట్లు ఉన్నాయి. ఉన్న డిస్ట్రోను తీసుకుని, అక్కరలేనివి తీసేసి, కావలసినవి పెట్టి, కాకతీయ తోరణం బొమ్మను తెర వెనుక అతికించి, కొత్త పేరుతో ఐఎస్ఓ ఫైలు, అంటే డీవీడీకో పెన్‌డ్రైవ్‌కో ఎక్కించే ఇన్‌స్టాలేషన్ ప్రతి, చేయడం చేయి తిరిగినవారికి ఒక ఆదివారం పని. ఆ సాయంత్రం కలిగే ఆనందం నాకు తెలుసు కనుకనే జాగ్రత్త చెబుతున్నాను. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. డిస్ట్రో విషయంలో గృహప్రవేశం నాడు బంధువులందరూ వస్తారు, ఆ తర్వాత ఇల్లు కురిసినప్పుడు కప్పు ఎక్కడానికి ఒక్కడే మిగులుతాడు.

మా సంగతి చెబుతాను. 2013లో మేం తొమ్మిదిమందిమి ఆదివారం ఆదివారం కలిసేవాళ్లం. అప్పటి ఉబుంటు 12.04ను తీసుకుని తెలుగు ఫాంట్లు, తెలుగు కీబోర్డు, గేట్ పాత ప్రశ్నపత్రాలు, పిల్లల ఆటలు కొన్ని చేర్చి, వేయిస్తంభాల గుడి బొమ్మతో ఒక డీవీడీ చేశాం. దానికి మేం పెట్టుకున్న పేరు ఇక్కడ రాయను, ఇప్పటికీ కొంచెం సిగ్గుగా ఉంటుంది. దాదాపు అరవై డీవీడీలు రాసి పంచాం. మేం మార్చిన నాలుగైదు ప్యాకేజీల, అంటే ఇన్‌స్టాల్ చేయడానికి మూట కట్టిన ప్రోగ్రాముల, కోసం ఒక మిత్రుడు నెలకింత అని అద్దె కట్టి నడిపే సర్వరులో మా సొంత రిపాజిటరీ, అంటే ప్యాకేజీల గోదాము, ఒకటి తెరిచాం. ప్యాకేజీలు మావేనని నిర్ధారించే సంతకపు తాళం, అంటే జీపీజీ కీ, మాలో అందరికంటే చురుకైన కుర్రవాడి ల్యాప్‌టాప్‌లో ఉండేది. ఆ కుర్రవాడికి బెంగళూరులో ఉద్యోగం వచ్చింది, మేమంతా సంతోషించి స్వీట్లు కూడా తిన్నాం. ఆరు నెలలకు అతని ల్యాప్‌టాప్ డిస్కు పోయింది, దానితో పాటు తాళమూ పోయింది. మరుసటి ఏడాది సర్వరు అద్దె కట్టడం మిత్రుడు మరిచిపోయాడు. అప్పటినుంచి మా డీవీడీతో ఇన్‌స్టాల్ చేసిన ప్రతి యంత్రమూ అప్‌డేట్ చేయబోయినప్పుడల్లా ఎర్ర అక్షరాలతో తప్పు చూపించేది. ఆ తప్పు చూసి భయపడి వాడేవాళ్లు అప్‌డేట్ బటన్ నొక్కడమే మానేశారు. ఉబుంటు నుంచి రావలసిన మంచి అప్‌డేట్లు వస్తూనే ఉన్నా వాటినీ తీసుకోలేదు. రెండేళ్లు గడిచాక ఒక పఠన మందిరంలో బ్రౌజరు ఎంత పాతబడిందంటే, హాల్ టికెట్ తీసుకునే వెబ్‌సైటు తెరుచుకోక ఒక అమ్మాయి ఆటో పట్టుకుని వేరే సెంటరుకు పరుగెత్తాల్సి వచ్చింది. ఆ మందిరం బాధ్యులు నాకు ఫోన్ చేసి, ‘సార్, మీ లినక్స్ తీసేసి పాతదే పెట్టించండి’ అన్నారు. మా లినక్స్ అన్న ఆ మాట నాకు ఇంకా గుర్తుంది. డెబియన్ అనో ఉబుంటు అనో పేరున్నది పెట్టి ఉంటే, ఊళ్లో మేం లేకపోయినా ఇంకెవరో బాగు చేసేవాళ్లు. మా పేరు పెట్టుకోవడం వల్ల మా చిరునామా తప్ప దానికి ఇంకో దిక్కు లేకుండా పోయింది.

ఇది చేతగాని వాళ్ల కథ అని కొట్టిపారేయవచ్చు. ప్రభుత్వాల అనుభవం కూడా చూడండి. స్పెయిన్‌లోని ఎక్స్‌ట్రిమదురా ప్రాంత ప్రభుత్వం 2002లో డెబియన్ మీద లినెక్స్ అనే సొంత డిస్ట్రోను కట్టుకుని బడులకు ఇచ్చింది, లోకమంతా పొగిడింది. అదే ప్రభుత్వం 2012లో తన కార్యాలయాల్లోని 40 వేల యంత్రాలను నేరుగా డెబియన్‌కు మారుస్తామని ప్రకటించింది. జర్మనీలోని మ్యూనిక్ నగరపాలక సంస్థ లైమక్స్ పేరుతో ముందు డెబియన్ మీద, తర్వాత ఉబుంటు మీద సొంత కూర్పు చేసి సుమారు 15 వేల యంత్రాల్లో పెట్టింది. 2017లో నగర మండలి తిరిగి విండోస్ వైపు వెళ్లాలని తీర్మానించింది. దాని వెనుక రాజకీయాలు కూడా ఉన్నాయని చాలామంది అంటారు, నేనూ కాదనను. అయినా పదుల సంఖ్యలో ఇంజినీర్లను జీతమిచ్చి పెట్టుకోగల నగరానికే అది మోయలేని బరువు అనిపించినప్పుడు, ఆదివారం మధ్యాహ్నం టీ తాగుతూ కలిసే మన బృందాలు ఆలోచించుకోవాలి.

కేరళ సంగతేమిటని ఎవరైనా అడుగుతారు, అడగాలి కూడా. అక్కడి ప్రభుత్వ బడుల్లో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎన్నో ఏళ్లుగా నడుస్తోంది. ఆ పని చూసే కైట్ సంస్థ ఉబుంటు దీర్ఘకాలిక విడుదలను తీసుకుని బడికి కావలసిన ప్రోగ్రాములు చేర్చి ఇస్తుంది. కానీ దాని వెనుక ఒక ప్రభుత్వ సంస్థ, జిల్లా జిల్లాకూ మాస్టర్ ట్రైనర్లు, శిక్షణ పొందిన ఉపాధ్యాయులు, పాఠ్యపుస్తకాలు ఉన్నాయి. ఐఎస్ఓ ఫైలు ఆ ఏర్పాటు మొత్తంలో అన్నిటికంటే చిన్న వస్తువు. మన దేశపు సీడాక్ సంస్థ 2007లో తొలిసారి తెచ్చిన బాస్ అనే డిస్ట్రో కూడా డెబియన్ మీద కట్టినదే. రక్షణ శాఖ కార్యాలయాల కోసం చేసిన మాయా అనేది ఉబుంటు ఆధారంగా తయారైందని 2023లో వార్తలు వచ్చాయి. ఇంత పెద్ద సంస్థలు కూడా పునాది తవ్వకుండా ఉన్న పునాది మీదే గది కట్టుకున్నాయి.

గ్రంథాలయం పెట్టేవాడు అచ్చుయంత్రం కొనడు. మంచి పుస్తకాలు ఏరి, బీరువాల్లో సర్ది, వేళకు తలుపు తెరుస్తాడు. 1904లోనే రాజరాజ నరేంద్రాంధ్ర భాషా నిలయాన్ని నెలకొల్పుకున్న హనుమకొండకు ఈ తేడా నేను విడమరిచి చెప్పనక్కరలేదు.

భద్రత గురించి కొంచెం వివరంగా రాయాలి, ఎందుకంటే ఉచితంగా పంచే పెన్‌డ్రైవ్‌లో ఏముందో తీసుకునేవాడు చూడలేడు, మన ముఖం చూసి నమ్ముతాడు. 2016 ఫిబ్రవరిలో లినక్స్ మింట్ వెబ్‌సైటులోకి దుండగులు చొరబడి, డౌన్‌లోడ్ లింకులను తాము కలుషితం చేసిన ఐఎస్ఓ వైపు మళ్లించారు. ఫైలు మారిందో లేదో చెప్పే చెక్‌సమ్ అనే గుర్తును, సంతకాన్ని సరిచూసుకున్నవారికి ఆ మోసం దొరికిపోయేది. అంత పేరున్న డిస్ట్రోకే అలా జరిగింది, మరి మన చేతి నుంచి చేతికి తిరిగే పెన్‌డ్రైవ్‌కు కాపలా ఎవరు? 2024 మార్చి 29న బయటపడిన ఎక్స్‌జెడ్ వ్యవహారం ఇంకా లోతైనది. ఫైళ్లను కుదించే ఒక చిన్న లైబ్రరీని ఏళ్ల తరబడి దాదాపు ఒక్క మనిషే చూసుకుంటూ అలసిపోయి ఉండగా, సాయం చేస్తానంటూ వచ్చి రెండేళ్లకు పైగా నమ్మకం సంపాదించుకున్న ఇంకొకరు అందులో దొంగదారి పెట్టారు. ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు, దూరం నుంచి లాగిన్ కావడానికి అర సెకను ఎక్కువ పడుతోందేమిటని అనుమానించి తవ్వితే అది బయటపడింది. అప్పటికి ఆ కూర్పు డెబియన్ ప్రయోగశాఖల్లోకి చేరింది గానీ స్టేబుల్ విడుదలలోకి, అంటే బాగా పరీక్షించి స్థిరపరిచిన కూర్పులోకి, రాలేదు. కొత్తది వచ్చిన రోజే అందరి యంత్రాల్లో పెట్టాలన్న ఆత్రం లేని డిస్ట్రోను ఎంచుకోవడంలోని లాభం ఇక్కడ తెలుస్తుంది. అలసిపోయిన ఒక్క మనిషి మీద ఆధారపడ్డ పని ఎంత సులువుగా పరుల చేతికి పోతుందో కూడా ఇక్కడే తెలుస్తుంది, మా బెంగళూరు కుర్రవాడి తాళం దొంగల చేతిలో పడకుండా డిస్కుతో పాటు పోవడం ఒక విధంగా మా అదృష్టమే.

ఇక ఏది ఎంచుకోవాలన్న ప్రశ్న. బృందం కోసం ఎంచుకునేటప్పుడు ఒక మనిషి తన ల్యాప్‌టాప్ కోసం ఎంచుకునే లెక్క పనికిరాదు. ఆర్చ్ లినక్స్ నాకు ఇష్టమే, దాని వికీ పుటలు చదివి నేను నేర్చుకున్నది ఏ పుస్తకంలోనూ నేర్చుకోలేదు. అయినా రోజూ మారే డిస్ట్రోను ఎవరూ కాపలా లేని పఠన మందిరంలో పెట్టడం తప్పు. ఫెడోరా విడుదల ఒక్కొక్కదానికి సుమారు 13 నెలలే ఆయువు, అంటే ఏటేటా మన బృందం ఊరూరా తిరగాలి. 2020 డిసెంబరులో, సర్వర్లలో ఎక్కువగా వాడే సెంట్‌ఓఎస్ 8 అనే డిస్ట్రో ఆయువును 2029 నుంచి 2021 చివరికి కుదించినప్పుడు దాన్ని నమ్ముకున్నవాళ్లు ఎంత ఇబ్బంది పడ్డారో సర్వర్లు నడిపేవారికి తెలుసు. ఒకే సంస్థ నిర్ణయం మీద ఆధారపడిన ఏ ఏర్పాటుకైనా ఆ ప్రమాదం ఉంటుంది. ఉబుంటు దీర్ఘకాలిక విడుదలకు ఐదేళ్ల మామూలు సాయం ఉంటుంది, ఇళ్లలో వాడేవారికి అది మంచి ఎంపికే. విండోస్ అలవాటు ఉన్న ఇంటి పెద్దవాళ్లకు లినక్స్ మింట్ ఇంకా దగ్గరగా అనిపిస్తుంది, మింట్ 22కు 2029 దాకా అప్‌డేట్లు వస్తాయి. మా ఇంట్లో మా ఆవిడ యంత్రంలో ఉన్నది అదే, ఆమె దాన్ని ‘కంప్యూటర్’ అనే పిలుస్తుంది, అంతకంటే గొప్ప యోగ్యతాపత్రం నాకు తెలియదు.

అయితే బృందం తరఫున పదిచోట్ల పెట్టి ఏళ్ల తరబడి చూసుకోవాల్సిన యంత్రాలకు నా ఓటు డెబియన్ స్టేబుల్‌కే, అందులోనూ ఎక్స్ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌కు. 1993లో ఇయన్ మర్డక్ మొదలుపెట్టిన డెబియన్‌కు యజమాని కంపెనీ లేదు. వెయ్యిమంది దాకా డెవలపర్లు తమలో తాము ఓటు వేసుకుని నాయకుణ్ని ఎన్నుకుంటారు, పెద్ద వివాదాలనూ ఓటుతోనే తేల్చుకుంటారు. వైఫై కార్డులు పనిచేయడానికి కావలసిన, తయారీదారులిచ్చే ఫర్మ్‌వేర్ అనే చిన్న ప్రోగ్రాములను అధికారిక ఇన్‌స్టాలర్‌లో చేర్చాలా వద్దా అన్న పాత తగవును కూడా 2022లో అలాగే తేల్చుకున్నారు. దాంతో డెబియన్ 12 నుంచి ఇన్‌స్టాల్ చేయగానే వైఫై రాకపోవడమనే మొదటి ఏడుపు చాలామటుకు తగ్గింది. 2025 ఆగస్టు 9న వచ్చిన డెబియన్ 13లో 69 వేలకు పైగా ప్యాకేజీలున్నాయి, దీర్ఘకాలిక సాయంతో కలిపి దీనికి 2030 దాకా భద్రతా అప్‌డేట్లు వస్తాయి. ఎక్స్ఎఫ్‌సీఈ ఏమీ తెరవకముందు 1 జీబీ ర్యామ్ కూడా తినదు, బ్రౌజరు ఎలాగూ తింటుంది కాబట్టి ఆ మిగులు మనకు కావాలి. ఒక్క హెచ్చరిక: డెబియన్ 13కు 32 బిట్ యంత్రాల ఇన్‌స్టాలర్ లేదు. మరీ పాత పెంటియం యంత్రాలను పట్టుకుని వేలాడేవారు డెబియన్ 12తో సరిపెట్టుకోవాలి, లేదా ఆ యంత్రాలకు నిజంగానే సెలవివ్వాలి. కోర్ టూ డ్యుయో అయినా 64 బిట్‌ది కాబట్టి చాలామందికి ఈ చిక్కు రాదు.

అయితే యువకులకు చేయడానికి ఏమీ మిగల్లేదా? డిస్ట్రో కట్టడం కంటే పెద్ద పని మిగిలే ఉంది, అదీ ఇప్పుడు పెద్దగా ఎవరూ పట్టించుకోనిది: ఈ యంత్రంలో తెలుగు సరిగ్గా బతికేలా చూడటం. డెబియన్‌లో తెలుగు లేదని కాదు. ఇన్‌స్టాలర్‌నే తెలుగులో నడపవచ్చు. తిరుమల కృష్ణ దేశికాచార్యులు రూపొందించిన పోతన 2000, వేమన 2000 ఫాంట్లు ప్యాకేజీగా ఎప్పటినుంచో ఉన్నాయి. బమ్మెరకు ఇంత దగ్గరగా ఉంటూ పోతన అక్షరాలు తన యంత్రంలో ఉన్నాయని తెలియని విద్యార్థులను నేను ఎందరినో చూశాను. లోహిత్, నోటో ఫాంట్లూ ఉన్నాయి. టైపు చేయడానికి ఐబస్ అనే ప్రోగ్రాము ద్వారా ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్, ఆపిల్ అనే కీబోర్డు వరుసలు కూడా దొరుకుతాయి. ఎక్కడ ఏది ఉందో, ఏది సెట్ చేస్తే ఏది పనిచేస్తుందో ఎవరూ చెప్పరు, చిక్కంతా అక్కడే. ఒక ప్రోగ్రాములో మెనూ సగం తెలుగు, సగం ఇంగ్లిషు. ఇంకోదానిలో అనువాదం ఉంది గానీ పదిహేనేళ్ల కిందటిది. స్వేచ్ఛ సంస్థవారూ ఇంకా ఎందరో వాలంటీర్లూ గతంలో చేసిన అనువాదాలను ఎవరో ఒకరు ముందుకు తీసుకుపోకపోతే ప్రతి కొత్త విడుదలతో ఆ సగమూ తరుగుతూ పోతుంది. మన ఊరి కుర్రవాడు ఒక మెనూలోని ముప్ఫై వాక్యాలను మంచి తెలుగులోకి మార్చి డెబియన్‌కో, గ్నోమ్, ఎల్ఎక్స్‌క్యూటీ వంటి డెస్క్‌టాప్ ప్రాజెక్టులకో పంపితే అది మన ఊరి పఠన మందిరానికే కాదు, నెల్లూరుకూ శ్రీకాకుళానికీ కూడా చేరుతుంది. సొంత డిస్ట్రోలో చేస్తే హన్మకొండ చౌరస్తా దాటదు.

పరీక్షించడం కూడా నేర్చుకోవాలి. మేం ఇప్పుడు ఏ యంత్రంలో ఏది ఇన్‌స్టాల్ చేసినా ముందుగా స్త్రీ, రాష్ట్రం, జ్ఞానం, లక్ష్మి, వాఙ్మయం, కార్యదర్శి అన్న ఆరు మాటలను బ్రౌజరులో, లిబ్రే ఆఫీసులో, పీడీఎఫ్‌లో టైపు చేసి చూస్తాం. వత్తులు విరిగితే, పీడీఎఫ్ నుంచి కాపీ చేసినప్పుడు అక్షరాలు తారుమారైతే రాసి పెట్టుకుని, ఆ లోపాన్ని సంబంధిత ప్రాజెక్టుకు తెలియజేస్తాం. 2018లో తెలుగులోని ‘జ్ఞా’ అక్షరం ఒక విధంగా రాసి పంపితే కొన్ని ఖరీదైన ఫోన్లే కూలబడ్డాయని పాఠకులకు గుర్తుండే ఉంటుంది. మన అక్షరాలను మనమే పరీక్షించాలి, కాలిఫోర్నియాలో కూర్చున్నవాడికి వత్తు విరిగిందో లేదో ఎలా తెలుస్తుంది?

మన బృందానికి మాత్రమే కావలసిన కూర్పు కోసం కూడా కొత్త ఐఎస్ఓ అక్కరలేదు. డెబియన్‌లో మెటాప్యాకేజీ అని ఒకటుంది. అందులో ప్రోగ్రాము ఏదీ ఉండదు, కిరాణా దుకాణానికి పంపే చీటీలాగా ఫలానా ఫలానావి కావాలన్న జాబితా మాత్రం ఉంటుంది. తెలుగు ఫాంట్లు, ఐబస్, లిబ్రే ఆఫీసు, పీడీఎఫ్ చదివే ప్రోగ్రాము, పిల్లలకు జీకాంప్రి అనే ఆటపాటల ప్రోగ్రాము అని చీటీ రాసి ఇస్తే సరుకంతా డెబియన్ గోదాము నుంచే, డెబియన్ సంతకంతోనే వస్తుంది. రేపు మనం లేకపోయినా, చీటీ చిరిగిపోయినా, సరుకు ఆగదు. ఒకే గదిలో పదిహేను యంత్రాలున్నచోట ఏప్ట్-క్యాచర్-ఎన్జీ అనే ప్రోగ్రాము పెట్టుకుంటే, ఒక యంత్రం ఒకసారి దించుకున్న ప్యాకేజీని మిగతావి దాని నుంచే తీసుకుంటాయి. నెట్ ప్యాకేజీ మీద రోజుకింత డేటా అని లెక్క చూసుకునే ట్యూషన్ సెంటర్లకు ఇది పెద్ద ఊరట. ఒక యంత్రాన్ని చక్కగా అమర్చి క్లోన్‌జిల్లా అనే ప్రోగ్రాముతో మిగతావాటికి నకలు తీయవచ్చు. తోరణం బొమ్మ పెట్టుకోవాలంటే అది ఒక బొమ్మ ఫైలు, నిమిషంలో పెట్టుకోవచ్చు.

అన్నీ లినక్స్‌కు మార్చేయండని నేను చెప్పడం లేదు, ఆ ఆవేశం కూడా మా 2013 తప్పుల్లో ఒకటి. పేజ్‌మేకర్‌లో, అన్ని యంత్రాల్లో ఒకేలా చదవగల యూనికోడ్ పద్ధతి కాని పాత ఫాంట్లతో పెళ్లి కార్డులు, కరపత్రాలు చేసే డీటీపీ వాళ్ల పనిని చెడగొట్టకండి. వారి ఏళ్ల నాటి ఫైళ్లు ఆ ఫాంట్లలోనే ఉన్నాయి, వారిని యూనికోడ్‌కు తీసుకురావడం వేరే పెద్ద పని. వేలిముద్ర పరికరాలు, డిజిటల్ సంతకం డాంగిల్ వాడే సేవా కేంద్రాలకు వెళ్లే ముందు ఆ పరికరానికి లినక్స్ డ్రైవరు ఉందో లేదో ఆ తయారీదారు నుంచే తెలుసుకోవాలి, ఉంటుందిలే అని వెళ్లకూడదు. ప్రింటర్లదీ అంతే. మన జిరాక్స్ దుకాణాల్లో వీధికి మూడు కనిపించే ఒక పాత లేజర్ ప్రింటరును లినక్స్‌లో నడపడానికి నేను రెండు దసరా సెలవులు పోగొట్టుకున్నాను. కొత్తగా కొనేటప్పుడు డ్రైవరు అక్కరలేకుండా నెట్‌వర్క్ ద్వారా ముద్రించే రకం కొనమని చెబితే ఆ బాధ ఉండదు.

మిగిలింది మనుషుల సంగతి. ఒక డెబియన్ యంత్రాన్ని పఠన మందిరంలో పెట్టేముందు, ఆ మందిరంలోనే రోజూ ఉండే ఒకరికి అప్‌డేట్ ఎలా చేయాలో, పాస్‌వర్డ్ ఎక్కడ రాసి ఉందో, ఎవరికి ఫోన్ చేయాలో నేర్పాలి. మేం ఇప్పుడు ప్రతిచోటా ఒక రెండు వందల పేజీల నోటుబుక్ వదిలి వస్తున్నాం. ఏ తేదీన ఏం పెట్టారో, ఏం చెడిందో, ఎవరు బాగు చేశారో అందులో చేతితో రాస్తారు. బృందంలో కనీసం ముగ్గురికి ప్రతి యంత్రం గురించీ తెలిసి ఉండాలి, ఉద్యోగం వస్తే ఎవరూ ఆగరు, ఆపకూడదు కూడా. ఎవరు ఎన్ని యంత్రాలు మార్చారన్న లెక్క మేం చెప్పుకోవడం మానేశాం. ఏడాది తర్వాత వెళ్లి చూస్తే ఎన్ని యంత్రాల్లో అప్‌డేట్లు నిన్నటిదాకా వచ్చి ఉన్నాయన్నదే లెక్క. ఈ లెక్కలో మేం కూడా నూటికి నూరు తెచ్చుకోలేదు. పోయిన వేసవిలో ఒక చోటికి వెళితే నోటుబుక్ పేజీలు చింపి టీ కొట్టు లెక్కలు రాసుకున్నారు, యంత్రాలు మాత్రం అప్‌డేట్ అయి ఉన్నాయి, అది చాలనుకున్నాం.

ఉగాది నాటికి ఏదో ఒకటి విడుదల చేయాలన్న ముచ్చట యువకులకు ఉంటే, మా బృందం రాసుకున్న మెటాప్యాకేజీని, పరీక్షకు వాడే మాటల జాబితాను, నోటుబుక్ నమూనాను వారికి ఇవ్వడానికి సిద్ధంగా ఉన్నాం. వారు వాటిని మార్చుకుని తమ పేరు పెట్టుకున్నా మాకు అభ్యంతరం లేదు.

చివరిగా మీ పాఠకులకు ఒక మనవి. 2013, 2014 సంవత్సరాల్లో వేయిస్తంభాల గుడి బొమ్మతో మేం పంచిన డీవీడీలు కొన్ని ఇంకా ఇళ్లలో, బడుల బీరువాల్లో ఉన్నాయని తెలుస్తోంది. వాటిలోని ఉబుంటు 12.04కు మామూలు సాయం 2017 ఏప్రిల్‌లోనే ముగిసింది, దయచేసి వాటిని ఏ యంత్రంలోనూ ఇన్‌స్టాల్ చేయకండి. ఆ డీవీడీ పట్టుకుని ఆదివారం మా దగ్గరికి వచ్చినవారికి, సంతకం సరిచూసిన డెబియన్ 13ను పెన్‌డ్రైవ్‌లో రాసి ఇస్తాం. పెన్‌డ్రైవ్ మాత్రం మీరే తెచ్చుకోవాలి.

ఇట్లు
ఒక విశ్రాంత అధ్యాపకుడు,
హనుమకొండ.